ఎండిన చెరువులో నీటిమట్టం

చూసి సరిపోల్చేవాడు లేడనుకుంటే మనిషి ఎంత ధైర్యంగా రాస్తాడో నాకు ఆ రోజుల్లోనే తెలిసింది. సౌదీ అంటే అంతా ఇసుకే అనుకుని జగిత్యాల నుంచి వెళ్లినవాణ్ని, కంపెనీ నన్ను అబహా అవతల మబ్బులు కాళ్లకు తగిలే కొండల్లో పడేసింది. ఆ కొండలపైన, మనిషి జాడలేని అడవిలో మూడు చిన్న చెరువులు. (మా ఊళ్లో అయితే గుంటలనేవాళ్లు.) వారానికోసారి ఎక్కి, నీళ్లలో పాతిన కొలత కర్ర చూసి లోతు రాసుకురావడం నాకూ, వరసకు బావయ్యే మా ఊరాయనకూ పని. రెండు గంటల ఎక్కుడు. ఒకరోజు కుక్కలంతేసి కోతులు మా రొట్టెల సంచి లాక్కుని, మా ఎదురుగానే కూర్చుని తిన్నాయి. ఆ తర్వాత ఎక్కడం మానేశాం. రాయడం మానలేదు.

"పోయిన వారం పెద్ద చెరువుకు ఎంత రాసినవ్ బామ్మర్దీ?" అనేవాడు బావ, మంచం మీంచి లేవకుండానే. "నూట పది సెంటీమీటర్లు" అంటే, "ఈసారి నూట ఏడు రాయి. ఎండలు ముదిరినయ్, జర తగ్గాలె గద." మరీ తగ్గిపోతోందని ఒక వారం ఆయనే నా లెక్కల పుస్తకంలో చిన్న వాన కురిపించాడు.

మా ఇంజినీర్ సాబ్ హైదరాబాదాయన. నా సెలవు కాగితం ఆయన బల్ల మీదుంది. ఇంటి దగ్గర నా భార్యకు తొమ్మిదో నెల. సంతకం పడితే కాన్పుకు అందుకుంటాను. ఆ వారమే సాబ్ తన కుటుంబాన్ని ఊరికి పంపేస్తున్నాడు. ఆరేళ్ల కూతురు తన రెండు ఎర్రచేపలను ఎవరికీ ఇవ్వనని ఏడుపు. "పెద్ద చెరువుల విడుద్దాం తమ్మీ. నూట మూడుందని నువ్వే రాసినవ్ గద" అన్నాడు సాబ్. తెల్లారేసరికి బావకు జ్వరమొచ్చింది. (మధ్యాహ్నానికి తగ్గిందట.)

చేపల సీసా నేనే మోశాను. దారంతా ఆకాశానికి మొక్కాను. పైన పగుళ్లిచ్చిన మట్టి, ఒరిగిన కర్ర, దాని పక్కనే తీరిగ్గా ఒక కోతి. "నీళ్లేవి?" అని ఉర్దూలో అడిగింది పాప. సాబ్ నా పుస్తకం పేజీలు తిప్పాడు.

"మొన్న వాన పడ్డదని గూడ రాసినవ్?"

"బావ పడ్డదన్నడు సాబ్."

ఆయన నవ్వలేదు. సీసాను కావలించుకుని ఏడుస్తున్న కూతుర్ని ఎత్తుకున్నాడు. "ఈ చేపలు నీ దగ్గరనే ఉండనీ. ఇవి చెరువుల ఈదిన నాడు సంతకం పెడ్త."

ఇక ప్రతివారం ఒక్కణ్నే ఎక్కాను. సున్నా రాశాను. దిగి, గదిలో బకెట్ నీళ్లు మార్చాను. మూడో వారం ఒక చేప చచ్చిపోయింది. ఒకరోజు పైనుండగా, ఊరి నుంచి కబురందిన బావ గదిలోంచి ఫోన్ చేసి, "ఆడపిల్లరా!" అని అరిచాడు. చెప్పుకోవడానికి అక్కడ కోతులు తప్ప ఎవరూ లేరు. నిజం వాన ఐదు నెలలకు పడింది. మిగిలిన చేపను వదిలి, "నలభై సెంటీమీటర్లు, చేప ఒకటి" అని రాసిచ్చాను. సాబ్ సంతకం పెట్టాడు.

తర్వాత ఊళ్లోనే ఒక పేపరుకు వార్తలు రాసే పనిలో కుదిరాను. చెరువు నిండిందని ఎవరు ఫోన్ చేసినా బండి తీసుకుని వెళ్లి చూసొస్తాను. మా ఆఫీసులో దాన్ని చాదస్తం అంటారు. మొన్న మా అమ్మాయి, దానికీ ఇప్పుడు ఆరేళ్లే, "నేను పుట్టినప్పుడు నువ్వేం చేస్తున్నవ్ నాన్నా?" అని అడిగింది.

"సున్నా రాస్తున్న బిడ్డా," అన్నాను. "కానీ అది కండ్లార చూసి రాసిన."