హానోవర్ బెంచీ

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, జూలైలో, కొరాపుట్ నుంచి రాయగడలోని ఒక డిగ్రీ కాలేజీకి చరిత్ర రీడర్‌గా బదిలీ అయ్యాను. రీడరంటే లెక్చరర్‌కి పైమెట్టు. జీతం కొంచెం పెరుగుతుంది, పాఠాలు మాత్రం తగ్గవు. బి.ఏ. రెండో ఏడాదికి జర్మనీ ఏకీకరణ నా వంతుకొచ్చింది. ఒడియాలో చెప్పి, వెనక బెంచీల తెలుగు పిల్లలకు మళ్లీ తెలుగులో చెప్పేవాణ్ణి.

ఆ పాఠానికి నాదొక పద్ధతి. ఒక్కో బెంచీకి ఒక్కో రాజ్యం పేరు పెట్టి, వేరుశెనగల పొట్లం ముందు నుంచి వెనక్కి పంపేవాణ్ణి. ప్రతి బెంచీ సుంకంగా పిడికెడు తీసుకోవాలి. చివరి బెంచీకి పొట్టు చేరేది. ముప్పై తొమ్మిది రాజ్యాల మధ్య సరుకు పడ్డ పాట్లు ఇక వివరించనక్కర్లేదు. 1834లో ప్రష్యా పెద్దరికాన సుంకాల కూటమి ఎందుకు పుట్టిందో పిల్లలే చెప్పేసేవారు.

ఆ ఏడు హానోవర్ బెంచీలో పారమ్మ కూర్చుంది. కొల్నార దగ్గరి చిన్న ఊరి పిల్ల; తండ్రి అప్పలనాయుడు రైతు. హానోవర్ కూడా ఆ కూటమిలో చేరిందనీ, 1866లో ప్రష్యా ఆస్ట్రియాల యుద్ధంలో ఆస్ట్రియా పక్షాన నిలిచిందనీ చెప్పాను. లాంగెన్‌జాల్జా దగ్గర హానోవర్ సేన గెలిచింది కూడా. రెండు రోజులకే శత్రువు చుట్టుముట్టడంతో లొంగిపోయింది. రాజ్యాన్ని ప్రష్యా కలిపేసుకుంది. మరుసటేడు ఏర్పడిన ఉత్తర జర్మన్ సమాఖ్య మండలిలో నలభై మూడు ఓట్లకు పదిహేడు ప్రష్యావి. మింగిన హానోవర్ ఓట్లూ అందులోవే.

“కలిసినోళ్లు ఇడిపోవాలంటే దారేటి సార్?” అంది పారమ్మ. సుంకాల ఒప్పందానికి గడువుండేదనీ, సమాఖ్యకు అలాంటి తలుపు పెట్టుకోలేదనీ చెప్పాను.

ఆ పిల్ల ఊరికే అడగలేదు. నాగావళి ఒడ్డున, అన్నిటికన్నా చిన్నదైన వాళ్ల ఊరితో కలిపి, మూడూళ్లకు వేరువేరు నీటి మోటార్లు. మరమ్మతులు భరించలేక ఒకే సంఘంగా కలవబోతున్నారు. ఓట్లు సాగుచేసే ఎకరాలను బట్టి. సగానికి పైగా భూమి పెద్ద ఊరిదే.

మాఘంలో జరిగిన సభకు నన్ను పెద్దమనిషిగా పిలిచారు. నచ్చని ఊరు తన మోటారు తాను తీసుకుపోవచ్చని ఒప్పందంలో రాయమని పారమ్మ లేచి అడిగింది. అధ్యక్షుడు కాబోయే పెద్ద ఊరి రైతు చేతిలో అప్పటికే కొబ్బరికాయ ఉంది. “శుభమా అని కలుత్తుంటే ఇడిపోయే మాటేటమ్మీ?” అన్నాడు. పెళ్లిపందిట్లో తుమ్మినట్టు అందరూ ఆమెకేసి చూశారు. ఆమె అడిగినట్టే రాసుకోమని నేనూ గట్టిగా చెప్పాను. “అయ్యి జర్మనీ కబుర్లు మాస్టారూ, మనం మనం ఒకటి” అని నవ్వేశాడు. అప్పలనాయుడే కూతురి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. కాయ కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

చైత్రానికి ఏరు సన్నబడింది. చిన్న ఊరి మోటారును పెద్ద ఊరి రేవుకు మార్చాలని సంఘం తీర్మానించింది. అంతా నిబంధనల ప్రకారమే. మోటారు కోసం వచ్చిన ట్రాక్టరును చిన్న ఊళ్లో ఆడా మగా అడ్డుపడి తిప్పిపంపారు. కరెంటు కనెక్షను సంఘం పేరున ఉంది. సంఘం దాన్ని తీయించేసింది. కరెంటు లేని మోటారు ఎందుకని అప్పలనాయుడే ఎక్కించి పంపాడు. పొట్టమీదున్న వరి నిలువునా ఎండిపోయింది.

జూన్‌లో పారమ్మ టీ.సీ. కోసం వచ్చింది. భూమి కౌలుకిచ్చేసి, ఇంటిల్లిపాదీ విశాఖకు కూలి పనికి పోతున్నారు. శాఖాధిపతిగా సంతకం పెట్టాల్సింది నేనే. ఇంకొక్క ఏడాది ఆగమని బతిమాలాను.

“ట్రాక్టర్ని తిప్పిపంపినప్పుడు గెలిసేం అనుకున్నాం సార్. రెండ్రోజులే,” అంది. సంతకం పెట్టాను.

ఆ భూమిని కౌలుకు తీసుకున్నది పెద్ద ఊరివాళ్లే. సంఘం తర్వాతి సభలో అప్పలనాయుడి ఎకరాల ఓట్లు వాళ్లే వేశారు.

పరీక్షల్లో ఈ పాఠం 1871లో సామ్రాజ్య ప్రకటనతో ముగుస్తుంది. మిగిలిన రెండేళ్లూ నేను హానోవర్‌తో ముగించాను. కూటమిలో చేరేవాడు ఓట్లెవరివో, బయటికి దారి ఎటో కాయ కొట్టకముందే అడగాలి. అప్పుడు అడిగితే అశుభమంటారు. తర్వాత అడగడానికి ఓటుండదు.