నీలం ముడి

నా చిన్నప్పుడు నన్ను ఎవరు ఏ మాటన్నారో, ఎక్కడ నిలబడి అన్నారో, అప్పుడు పక్కన ఎవరెవరున్నారో నాకు ఇప్పటికీ గుర్తే. మంచి మాటలు అంతగా గుర్తులేవు. ఇది నా గుణం. దీని గురించి ఇంట్లో చాలామంది చాలాసార్లు చెప్పి చూశారు, తర్వాత మానేశారు. అందుకే మా పక్కింటి అక్క గురించి చెప్పాలంటే, ముందు ఆమె నన్నన్న మాట దగ్గరే మొదలుపెట్టాలి.

అప్పట్లో మేము విశాఖపట్నం వన్ టౌన్‌లో, పూర్ణా మార్కెట్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, ఒక ఇరుకు వీధిలో ఉండేవాళ్లం. నాన్న పోర్టులో పనిచేసేవారు. నాన్నకు అక్క, అంటే మా అత్త, ఆనందపురం వైపు పల్లె నుంచి వచ్చి మాతోనే ఉండిపోయింది. ఆమె ప్లాస్టిక్ వైరుతో బుట్టలు అల్లేది. తొంభైల్లో ఆ బుట్ట లేని ఇల్లు ఉండేది కాదు. కూరలకైనా, టిఫిన్ క్యారేజీకైనా, ఆసుపత్రికి ఫ్లాస్కు పట్టుకెళ్లడానికైనా అదే.

పదేళ్లప్పుడు నేనూ ఒక చిన్న బుట్ట అల్లి, బిందెతో పాటు దాన్నీ పట్టుకుని వీధి కొళాయి దగ్గరికి వెళ్లాను. అక్కడ బిందెలతో ఆరుగురు ఆడవాళ్లున్నారు. పక్కింటి అక్క నా బుట్ట తీసుకుని ఎండకు ఎదురుగా పైకెత్తి పట్టుకుంది.

"బుట్టేటే ఇది, జల్లెడా? పిండి జల్లించుకోవచ్చు," అంది.

ఆరుగురూ నవ్వారు. ఒకావిడకు నవ్వీ నవ్వీ పొలమారింది కూడా. నేను నీళ్లు పట్టుకోకుండానే ఇంటికొచ్చేశాను. ఆ తర్వాత రెండేళ్లపాటు ఆ అక్క పిలిస్తే పలికేదాన్ని గాని, నా అంతట నేను పలకరించలేదు. ఆమె ఆ తేడా గమనించినట్టే లేదు. అది ఇంకా కోపం తెప్పించేది.

వాళ్లది సముద్రంలో వేటకు వెళ్లే కుటుంబం. ఆమెకు ఇరవై ఏళ్లుంటాయేమో. హార్బరు దగ్గర ఒక షెడ్డులో రొయ్యలు ఒలిచే పనికి వెళ్లేది. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం రెండు దాటాక వచ్చేది. పనిచేసినంతసేపూ చేతులు ఐసులోనే. ఇంటికొచ్చాక గంజి తాగి మా గడప దగ్గరికి వచ్చి కూర్చునేది, మా అత్త దగ్గర అల్లిక నేర్చుకోవడానికి. ఏడాది తిరిగేసరికి ఆమె బుట్టకూ, అత్త బుట్టకూ తేడా చెప్పడం కష్టమైపోయింది. నేను ఆమెకన్నా ముందు నుంచీ అత్త పక్కన కూర్చుంటున్నాను. ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

మా అత్త పనిలో కొన్ని పద్ధతులుండేవి. ఆర్డరు వచ్చిన వెంటనే వైరు ముట్టుకునేది కాదు. ముందు అడిగేది. "ఎవరికమ్మా బుట్ట? ఏ సేత్తో మోత్తారు? అందులో ఏటి పెడతారు?" కొందరు విసుక్కునేవారు. బుట్టకు ఇంత ఆరా ఏమిటని. కానీ తీసుకెళ్లాక వాళ్లే మళ్లీ వచ్చేవారు. పొట్టిగా ఉన్న మనిషికి పిడి కురచగా పెట్టేది, బుట్ట నేలకు రాసుకోకుండా. ఫ్లాస్కు మోసేవాళ్లకు లోపల ఒక పక్క చిన్న గూడులా అల్లేది, ఒరిగిపోకుండా. తాళాలు పారేసుకునేవాళ్లకు అంచున ఒక ఉంగరం పెట్టేది. అత్తకు చదువు రాదు కాబట్టి ఇవన్నీ నేనే నోటు పుస్తకంలో రాసేదాన్ని.

ఇంకో పద్ధతి, గుర్తు వేయడం. బుట్ట అడుగున సరిగ్గా నడిమధ్యలో నాలుగు ముడులు వేరే రంగు వైరుతో వేయాలి. అత్తది ఎరుపు. పక్కింటి అక్కది నీలం. ఎవరి బుట్ట కొన్నా అత్త అడుగు తిప్పి చూపించి, ఇది నాది, ఇది ఆ పిల్లది అని చెప్పి మరీ ఇచ్చేది.

ఒకసారి అమ్మ ఉండబట్టలేక అంది. "నీ బేరం నువ్వే తీసుకెళ్లి ఇంకోళ్ల సేతిలో పెడతావేటి వదినా?"

"నాయి రెండు సేతులే కదేటి," అంది అత్త. "దాని సేతులు కూడా ఉంటే ఈ ఈదిలో అల్లకం ఆగదు."

నాకు రంగు లేదు. నేను పిడులు మాత్రమే అల్లేదాన్ని. పిడికి గుర్తు ఉండదు.

నేను ఏడో తరగతిలో ఉండగా స్టీల్ ప్లాంట్ క్వార్టర్లలో ఉండే ఒక మేడమ్ గారు తొమ్మిది బుట్టలు అడిగారు. కూతురి పెళ్లిలో దగ్గరి చుట్టాలకు పసుపు కుంకుమతో పాటు ఇవ్వడానికి. అత్త ఆ తొమ్మిది మంది గురించీ అడిగింది, నేను రాసుకున్నాను. వెళ్తూ వెళ్తూ మేడమ్ గారు ఒక మాట చెప్పారు. పని నచ్చితే తమ లేడీస్ క్లబ్బు వాళ్లకు ఏడాది పొడుగునా బుట్టలు కావాలని, ఎవరి పని నచ్చితే వాళ్లతోనే నేరుగా మాట్లాడతానని.

అత్త ఐదు తను ఉంచుకుని, నాలుగు పక్కింటి అక్కకు ఇచ్చింది. ఆ అక్క తెల్ల వైరు కట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత ఎవరితోనూ కాకుండా, తనలో తాను అనుకున్నట్టు అంది. "ఈ నాలుగూ ఆవిడకి నచ్చితే నాను మరి షెడ్డుకి ఎల్లను. నా సేతులు నాకు మిగుల్తాయి."

ఆ మాట నేను విన్నాను. వినలేదని చెప్పుకోవడానికి లేదు.

నేను కూడా ఒక బుట్ట అల్లుతానని అత్తను అడిగాను. పిడులూ, తాళాల ఉంగరాలూ అల్లమంది. మరి నా గుర్తు అన్నాను. "అడుగు అల్లడం వచ్చిన్నాడు ఏసుకుందువులే," అంది. పక్కింటి అక్క తల ఎత్తకుండానే నవ్వింది. ఆ నవ్వు కొళాయి దగ్గరి నవ్వులాగే వినిపించింది.

బుట్టలన్నీ పూర్తయి మా ఇంట్లో దొంతర పెట్టిన మర్నాడు మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుండగా నాన్న గడ్డం గీసుకునే బ్లేడు తీశాను. నాలుగు బుట్టల అడుగునా నీలం ముడులు కోసి లాగేశాను. ఆ ఖాళీల్లో తెల్ల వైరు ముక్కలు దోపాను. పైనుంచి చూస్తే ఏమీ తెలియలేదు. బుట్టలు పాడుచేయాలని కాదు, వాటిలో ఆమె గుర్తు ఉండకూడదని. ఒక ముడి తెగితే దాని చుట్టూ ఉన్న ముడులన్నీ ఒక్కొక్కటిగా వదులవుతాయని, అడుగు బిగువుగా అల్లడం ఎప్పుడూ రాని నాకు తెలియదు.

మా అత్తకు ఇంకో పద్ధతి కూడా ఉంది. అది తెలిసీ ఆ రోజు నాకు తట్టలేదు. బరువు మోయించకుండా ఏ బుట్టనూ బయటికి పంపేది కాదు. లోపల పాత పేపరు పరిచి, పూర్ణా మార్కెట్‌లో కూరలతో నింపి, ఇంటిదాకా మోసుకొచ్చాకే ఇచ్చేది. ఆ శనివారం బడి లేదు. అత్త ఒక బుట్ట తను తీసుకుని, దొంతర మధ్యలోంచి ఇంకొకటి లాగి నా చేతికిచ్చింది. దాన్ని బంగాళాదుంపలతో నింపించింది.

మార్కెట్ దాటుతుండగా నా చేతిలో బరువు ఒక్కసారిగా తేలికైంది. అడుగు నోరు తెరిచినట్టు విచ్చుకుంది. దుంపలు పల్లంవైపు దొర్లడం మొదలుపెట్టాయి. ఎదురుగా మూట దించుతున్న ఒక కళాసీ, "పాపా, నీకన్నా ముందు నీ దుంపలే ఇంటికి ఎల్లిపోతన్నాయి, సూసుకో!" అని అరిచాడు. చుట్టూ ఉన్న వాళ్లు నవ్వారు. అతని ముఖం కూడా నాకు గుర్తే.

అత్త నవ్వలేదు, తిట్టలేదు. ఏరిన దుంపలను తన బుట్టలోనూ, చీర చెంగులోనూ వేసుకుంది. నా బుట్ట తిరగేసి చూసింది. తర్వాత నన్ను చూసింది.

"దీన్ని బాగుసేయడం నాకు రాదు. అల్లినదానికే తెలుస్తాది," అంది. "నువ్వే అట్టుకెళ్లు. మిగతా మూడూ కూడా అట్టుకెళ్లు."

మిగతా మూడింటిని ఆమె అప్పటికి తిప్పి చూడలేదు. కనీసం నేను చూస్తుండగా చూడలేదు.

మధ్యాహ్నం పక్కింటి అక్క షెడ్డు నుంచి వచ్చాక నాలుగు బుట్టలూ తీసుకుని వాళ్ల గుమ్మంలో నిలబడ్డాను. ఆమె ఒక్కొక్కటీ తిరగేసింది. తెల్ల ముక్కలు లాగి పక్కన పెట్టింది. నాలుగింటిలోనూ ఒకే చోట, ఒకేలాంటి కోత.

"ఎలకలు కొట్టాయేటే?" అంది.

నేను ఆ తెల్ల ముక్కలు ఏరి గుప్పిట్లో పెట్టుకున్నాను.

"ఈ ఎలకలకి నీలం రంగంటే పడదు కావాల. బ్లేడెట్టి మరీ కొట్టాయి."

మా ఇంటికి వెళ్లి అమ్మకు చెబుతుందనుకున్నాను. కానీ ఆమె వైరు కట్ట తెచ్చుకుని కూర్చుంది. "కూకో," అంది. తెగిన చోట కొత్త వైరు ఎక్కించి, పక్క ముడుల కిందుగా దూర్చి, ఒక్కొక్క ముడినీ లాగి బిగించాలి. దూర్చడం ఆమె చేసింది. లాగేటప్పుడు మాత్రం ఆగిపోయింది. అప్పుడు ఆమె చేతులు దగ్గరగా చూశాను. వేళ్ల చివర్లు తెల్లగా నానిపోయి ఉన్నాయి. గోళ్ల పక్కన చర్మం చీలింది. రొయ్య ముల్లు గుచ్చుకున్న చోటల్లా చిన్న చిన్న నల్ల చుక్కలు. ఆ వేళ్లతోనే ఆమె నాలుగు బుట్టలు అల్లింది.

"లాగు," అంది. నేను లాగాను. "గట్టిగా లాగవే గుంటా, ఇదేటి జడ కాదు కదా," అంది. ఇంకా గట్టిగా లాగాను. మూడో బుట్టకు వచ్చేసరికి దూర్చడం కూడా నా చేతే చేయించింది. నాలుగోది మొత్తం నేనే చేశాను. అందులో ఒక ముడి నాకంటూ ఒక రంగుతో వేసుకోనా అని అడిగాను. అలా అడగడానికి నాకు నోరెలా వచ్చిందో తెలియదు.

"ఎలకలకి గుర్తులెందుకే?" అంది ఆమె. నాలుగింటికీ నీలమే వేయించింది. సాయంత్రం మళ్లీ బరువు మోయించాం. ఒక్క ముడి కదల్లేదు.

ఆదివారం బుట్టలు తీసుకుని అత్తా నేనూ బస్సులో బయల్దేరాం. పక్కింటి అక్కకు ఆదివారం కూడా పనుంది, రాలేదు. సింధియా, గాజువాక దాటి క్వార్టర్లకు చేరేసరికి ఎండ బాగా ముదిరింది. మేడమ్ గారు మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. ఏ బుట్ట ఎవరిదో నేను పుస్తకం చూసి చదువుతుంటే అత్త ఒక్కొక్కటీ చూపించింది. ఎడమచేతివాటం వదినగారిది, ఫ్లాస్కు పెట్టుకునే పెద్దమ్మగారిది, తాళాలు మరిచిపోయే పిన్నిగారిది. మేడమ్ గారు ఆ ఉంగరం చూసి పకపకా నవ్వారు. తర్వాత బుట్టలు తిప్పి అడుగులు చూశారు. నీలం ముడులున్న ఒక బుట్టను వేళ్లతో నొక్కి చూశారు.

"ఈ నాలుగూ ఎంత బిగువుగా ఉన్నాయో! ఎవరమ్మా అల్లింది?" అన్నారు.

ఆ ప్రశ్నకు ఎప్పుడూ అత్తే జవాబు చెప్పేది. ఆ రోజు అత్త కిందికి వంగి చెప్పు పట్టీ సరిచేసుకుంటోంది. ఆ పట్టీకి ఏమీ కాలేదు. మేడమ్ గారు కాసేపు చూసి, నా వైపు తిరిగారు.

"నువ్వేనా?" అన్నారు.

అవును అనడానికి నా దగ్గర కారణాలున్నాయి. ఆ ముడులు లాగి బిగించింది నేనే. నాలుగో బుట్ట అడుగు పూర్తిగా నా చేతిపనే. రెండేళ్ల కిందట నా బుట్టను ఎండకు పట్టి చూపించిన చేతికి అంతకన్నా మంచి జవాబు దొరకదు. అక్కడ అక్క లేదు. అత్త తల ఎత్తడం లేదు. ఇవన్నీ నాకు ఒకేసారి తోచాయి. చీలిన ఆ వేళ్లు కూడా కళ్లముందుకు వచ్చాయి.

"కాదండీ. మా పక్కింటి అక్క," అన్నాను.

ఆమె పేరూ, ఇల్లు ఎక్కడో కూడా చెప్పాను. మేడమ్ గారు కాగితం మీద రాసుకున్నారు. అప్పుడు అత్త చెప్పు పట్టీ వదిలి లేచి నిలబడింది.

తిరుగు బస్సులో అత్త మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. గాజువాక దాటాక, "ఆ పేరు సెప్పడానికి అంత సేపేటే?" అంది, అంతే. అది కూడా నేను మరచిపోలేదు.

క్లబ్బు వాళ్ల ఆర్డర్లు పక్కింటి అక్కకే వచ్చాయి. రెండు నెలలు తిరక్కుండా ఆమె షెడ్డు మానేసింది. పని ఎక్కువైనప్పుడు కొంత మా అత్తకు పంపేది. నన్ను పొగడలేదు, ఎలుకల సంగతీ ఎవరికీ చెప్పలేదు. చాలా ఏళ్ల తర్వాత మా అత్త ఎవరిదో పాత బుట్ట అడుగు మాటల మధ్యలోనే మార్చేయడం చూశాను. ఆ పని తనకు రాదని ఆ రోజు నాతో అన్నది ఆమే.

ఇప్పుడు నేను ఆర్డర్ల మీద సంచులూ, బుట్టలూ చేసి పంపుతాను. నాతో పాటు ఇంకో ఐదుగురు ఆడవాళ్లు చేస్తారు. తీసుకునేవాళ్లు ఫోన్ చేసి, ఇది భలే ఉందండీ, ఎవరు చేశారు అని అడుగుతారు. ముందుగా నా నోటిదాకా వచ్చేది ఎప్పుడూ "నేనే" అన్న మాటే. ఇన్నేళ్లయినా అది పోలేదు, పోతుందని కూడా అనుకోవడం లేదు. అవతలివాళ్లు ఫోన్ కట్ అయిందేమోనని హలో, హలో అంటారు. ఆ మాట మింగేదాకా నేను ఆగుతాను. తర్వాత చేసిన మనిషి పేరు చెబుతాను, ఇంటిపేరుతో సహా.