తుడిచి తీసిన స్క్రీన్‌షాట్

పక్క తోట పెద్దమ్మ పోయిందని మా మామిడి రైతుల గ్రూపులో మొదట పెట్టింది నేనే. ఒక్కరూ నమ్మలేదు. "సావుతో కూడా ఆటలేందిరా, తీసెయ్" అని ఒకాయన తిట్టాడు. ఇంకొకాయన పళ్లికిలించే బొమ్మ పెట్టాడు. వాళ్లననేం లాభం? తోటలోకి చిరుతపులి వచ్చిందని చెప్పి ఊరి చేత కర్రలు పట్టించిన నోరు నాది. చివరికి ఆమె కోడలు ఏడుస్తూ వాయిస్ మెసేజ్ పంపితే గానీ గ్రూపు నోరు మూతపడలేదు.

ఆమె నాకు చుట్టం కాదు. కార్వేటినగరం అవతల మా తోటకూ ఆమె తోటకూ మధ్య ఒక గట్టు ఉంది. ఆ గట్టు వరసలోనే ఆమె పెద్దమ్మ, నేను అబ్బోడు.

ఆమెకు స్క్రీన్‌షాట్ల పిచ్చి. అంటించింది నేనే. పవర్ బటనూ, సౌండు తగ్గించే బటనూ కలిపి నొక్కమని మొదట చూపించాను. రెండు వేళ్లూ ఒకేసారి పడేవి కావు. ఒకసారి ఫోన్ ఆరిపోయేది, ఒకసారి సౌండు తగ్గేది. మూడు వేళ్లతో పైనుంచి కిందికి లాగమన్నాను. ఏళ్ల తరబడి మామిడి సొన తాగిన వేళ్లవి, అద్దం పలకలేదు. విసుగొచ్చి, ఏడిపిద్దామని, "అరచెయ్యి అంచుతో నిమురు పెద్దమ్మా, బిడ్డ ఈపు నిమిరినట్ల. దానంతట అదే తీసుకుంటాది" అన్నాను.

నిమిరింది. టిక్కుమని ఫోటో పడింది. ఆ ఫోన్లో నిజంగానే ఆ ఏర్పాటు ఉందని నాకేం తెలుసు!

"నీ అబద్ధాల్లో కూడా ఒగోటి నిజముంటాదిరా అబ్బోడా" అని నా గెడ్డం పట్టుకుని ఊపింది.

అప్పటినుంచి వాన కబురు, తిరుపతి బస్సు టైము, వీడియో కాల్లో మనవరాలి ముఖం, అన్నీ నిమిరి దాచేది. గ్రూపులో నేను కోతలు కోసి తుడిపేసేలోపు అవి కూడా ఆమె ఫోన్లోకి చేరిపోయేవి. ఒక్క అలవాటు మాత్రం మాన్పించలేకపోయాను. ఏది తీసినా ముందు కొంగుతో అద్దం తుడిచేది.

"అది లోపలిది తీసుకుంటాది పెద్దమ్మా, పైన దుమ్ముతో దానికేం పని?"

"దుమ్ముతో ఎట్ల దాసుకుంటార్రా ఏదైనా?"

నలుగురిలో ఆ తుడుపును అనుకరించి చూపించి నవ్వించేవాణ్ని. ఆమె కూడా నవ్వేది. మళ్లీ తుడిచేది.

పోయిన కాపుకు మా ఇద్దరి తోతాపురి కాయా ఒకే ట్రాక్టర్లో వేసుకుని చిత్తూరు దారిలో ఉన్న గుజ్జు ఫ్యాక్టరీకి పోయాం. కాయ అప్పటికే మెత్తబడింది. ఆ పొద్దు లోపలికి పోకపోతే రోడ్డు పక్కన పారబోయడమే. ఆమెకు ఏడాదంతటికీ ఆ తోటే ఆధారం. అంతకుముందు ఒకరి టోకెన్‌ను పదిమంది తిప్పుకున్నారని, ఫ్యాక్టరీ ఏజెంటు ఈసారి గేటు దాటించే టోకెన్‌ను ఒక్కసారే తెరుచుకునే ఫోటోగా నా ఫోన్‌కు పంపాడు. మూశామా, పోయినట్టే.

గేటు దగ్గర తెరిచి చూపించాను. కాపలావాడు లోపలికి పొమ్మన్నాడు. నా బొటనవేలు మూసే గుర్తు మీదికి పోతూ ఉంది. ఎదురుగా ఒక రైతు చేతులూపుకుంటూ వచ్చాడు.

"మూయొద్దప్పో! కాటా కాడ మళ్లా సూపించమంటాండారు. మూసినానని నా బండి తిప్పేసినారు!"

వేలు గాల్లోనే ఆగిపోయింది. ఫోన్ బ్యాటరీ ఎర్రగా ఉంది. మా ముందు ఇంకా బండ్లున్నాయి. బటన్లు నొక్కాను, ఈ ఫోటోను స్క్రీన్‌షాట్ తీయడం కుదరదని చూపించింది. మూడు వేళ్లతో లాగాను, మళ్లీ అదే. అరచెయ్యి అంచు నా ఫోన్లో పనిచేయదు.

పెద్దమ్మ ట్రాక్టర్ దిగి వచ్చింది. "నా ఫోన్ ఉండాది కదరా. దాంతో దీన్ని ఫోటో తీద్దాం. ఇట్ల పట్టు."

పట్టాను. ఎండకు అద్దం మీద దుమ్ము తెల్లగా మెరిసింది. అంకెలు కనిపించలేదు. ఆమె చెయ్యి కొంగు మీదికి పోయింది.

"వద్దు పెద్దమ్మా! కొంగు తగిలితే మూసుకుంటాది!"

"నువ్వు అల్లాడకుండా పట్టుకో."

తుడిచింది. కొంగు వెంట టోకెన్ బొమ్మ కొంచెం కిందికి జారింది. బొమ్మ మళ్లీ పైకొచ్చి నిలబడింది. అంతలో అదే ఫోన్ మోగింది. మా బామ్మర్ది.

"ఎత్తొద్దురా!"

"ఎత్తను. మోగిచ్చి మోగిచ్చి సావనీ నాయాల్ని!"

వాడు ఆపేదాకా ఇద్దరం కదల్లేదు. అప్పుడు ఆమె కొంగును ఎండకు అడ్డం పట్టి, ఒక కన్ను మూసి, పెదాలు బిగించి తీసింది. అంకెలు పడ్డాయో లేదో ఆమె ఫోన్లో చూసుకుంటూ ఉండగానే నా ఫోన్ ఆరిపోయింది.

కాటా గుమాస్తా ఆమె ఫోన్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏందప్పా ఇది? టోకెన్ కింద ఎవరో ముసలామె కనబడతాండాది!"

"కాయ ఆమెదే సార్. ఓనరు ఫోటో కూడా అంటించి ఇచ్చినారు" అన్నాను.

వాడు నవ్వలేదు. నంబరు మాత్రం చదువుకుని బండిని కాటా ఎక్కించమన్నాడు. పెద్దమ్మ కాటా పక్కనే నేల మీద కూలబడి, మొదట నన్ను తిట్టి, తర్వాత ఏడ్చి, ఆ తర్వాత నవ్వింది.

ఇప్పుడు పటం కట్టించాలంటే ఆమె ఫోటో లేదు. ఆధార్ కార్డులో ఉన్నది తనేనని ఆమే ఒప్పుకునేది కాదు. ఎప్పుడూ ఎదుటివాళ్లను తీసిన మనిషి. వెతికి వెతికి ఆమె ఫోన్లోనే ఈ టోకెన్ ఫోటో పట్టుకున్నాను. తెల్ల చీటీ కింద నల్లటి జాగాలో, నా ఫోన్ అద్దంలో పడిన ఆమె నీడ: ఒక మూసిన కన్నూ, బిగించిన పెదాలూ, తలపైన కొంగూ. దుమ్ము ఉండి ఉంటే అక్కడ ఏమీ కనిపించేది కాదు.

ఫోటో స్టూడియో అతను అంకెలు చెరిపేస్తానన్నాడు. ఉండనిమ్మన్నాను.

దినాల నాడు పటం గోడకు పెట్టారు. దీపం వెలిగించే ముందు కోడలు ఎవరూ చెప్పకుండానే కొంగుతో అద్దం తుడిచింది. తుడిచిన చోట, పెద్దమ్మ ముఖం మీద, ఆమె వెనకాల నిలబడ్డ మా ముఖాలన్నీ కనిపించాయి.