పిన్ను కొట్టిన పేజీలు

ఆ ఉదయం జడ వేసుకుంటుంటే కుడిచెవి కింద వేలికి ఏదో తగిలింది. రేగుపండంత గడ్డ. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని పదిహేను రోజులు ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే భయమేసి ఎవరికీ చెప్పలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. జాకెట్లు వదులయ్యాయి. చివరికి మా ఆయన ప్రభాకరే కనిపెట్టి, నాంపల్లిలో మేముండే సందు చివరి డాక్టరమ్మకు చూపించాడు. ఆమె మెడంతా తడిమి, ఇంకా రెండు గడ్డలున్నాయని చెప్పి పెద్ద దవాఖానకు చీటీ రాసిచ్చింది.

అక్కడ గడ్డలోకి సూది గుచ్చి ఎఫ్‌ఎన్‌ఏసీ అనే పరీక్ష చేశారు. ఏమీ తేలలేదు. "టీబీ కావచ్చు, లింఫోమా కావచ్చు. గడ్డ తీసి బయాప్సీకి పంపాలి" అన్నాడు సర్జన్. లింఫోమా అంటే ఏమిటని అడిగాను. ఒక రకం క్యాన్సర్ అన్నాడు. ఆ తర్వాత ఆయన చెప్పిందేదీ నా చెవికెక్కలేదు. నన్ను బయట కూర్చోబెట్టి, సంతకాలకని ప్రభాకర్‌ని పది నిమిషాలు లోపలే ఉంచారు.

గడ్డ తీశారు. రిపోర్టుకు పది రోజులు పడుతుందన్నారు.

నాకు పుస్తకాల పిచ్చి. పెళ్లయినప్పటి నుంచి ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకోవడమే మా షికారు. ఆ ఆదివారం ప్రభాకర్ ఒక్కడే వెళ్లి రెండు తెచ్చాడు. ఒకటి కరువులో ఇద్దరు పిల్లలతో ఊరు విడిచిన ఆడమనిషి నవల. రెండోది గత్తర, అదే కలరా, సోకిన ఊళ్ల చరిత్ర. కష్టాలు తట్టుకున్నోళ్ల పుస్తకాలు, చదివితే ధైర్యమొస్తదన్నాడు. వెంటనే ఇవ్వలేదు. మరునాడు గన్‌ఫౌండ్రీలోని తన ఆఫీసు నుంచి వచ్చాక చేతిలో పెట్టాడు.

నవల మధ్యలో నాలుగు కాగితాలు కలిపి అంచున పిన్నులు కొట్టి ఉన్నాయి. పాత పుస్తకం, ఎవరి పనో అనుకుని ముందుకెళ్లాను. పిన్నులకు ముందు ఆమెకు ఇద్దరు పిల్లలు. పిన్నుల తర్వాత ఒక్కతే కూతురు. చరిత్ర పుస్తకం తీశాను. అందులోనూ పిన్నులు. తుప్పు లేదు, కొత్తగా మెరుస్తున్నాయి. మా ఆయన ఆఫీసు స్టాప్లర్ పని.

చావున్న పేజీలన్నీ మూసేశాడంటే ఈయనకు ఏదో తెలుసు. ఆ పది నిమిషాల్లో డాక్టరు చెప్పేశాడు. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. మూడు రోజులు అడగలేకపోయాను, అడగకుండా ఉండలేకపోయాను. ఇంటర్ చదివే మా అమ్మాయి ముఖం చూడలేక గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

నాలుగో రోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు నవలలోని పిన్నులు ఊడదీశాను. చిన్నపిల్లవాడు దారిలో చనిపోతాడు. తల్లి తన చేతులతోనే గుంట తవ్వి, మర్నాడు కూతురిని చంకనేసుకుని నడుస్తుంది. సాయంత్రం ప్రభాకర్ రాగానే పుస్తకం ముందర పెట్టాను.

"నాకేం దాస్తున్నవ్? డాక్టర్ ఏం జెప్పిండు?"

చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు. "సంతకం పెట్టమన్నడు, గంతే. నాకే భయమైంది. ఆ పేజీలు నేనే సదవలేకపోయిన."

కోపం, నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. "సచ్చినోళ్లను మూసిపెడితే ఆమె ఏం తట్టుకున్నదో నాకెట్ల తెలుస్తది?" అన్నాను. ఆ రోజు ఆ నాలుగు కాగితాలూ ఒకరికొకరం చదివి వినిపించుకున్నాం. భయం పోలేదు. కానీ ఒక్కదాన్నే భయపడే బాధ తప్పింది.

రిపోర్టులో టీబీ అని వచ్చింది. టీబీ అని విని సంబరపడిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆ సంబరం నెలన్నర. వాంతులు పట్టుకున్నాయి, కళ్లు పచ్చబడ్డాయి. మందులకు లివర్ దెబ్బతిందని అన్నీ ఆపేశారు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మందు వేసుకుంటే లివర్, మానేస్తే జబ్బు. మళ్లీ సంతకాలకని ప్రభాకర్‌ని పిలిస్తే, ఈసారి కదల్లేదు. "ఏమున్నా ఈమె ముందటనే చెప్పున్రి సార్" అన్నాడు.

"ఒక్కో మందే మళ్లీ మొదలుపెడతాం. ప్రతిసారీ ఎల్‌ఎఫ్‌టీ, అంటే లివర్ పరీక్ష, చేసి చూస్తాం. భయం లేదని మాటివ్వలేను. కానీ చాలామందికి మందు పడుతుంది" అన్నాడు డాక్టరు. మాటివ్వలేననడం నన్ను భయపెట్టింది. అయినా అది నా చెవులతో నేను విన్న మాట. నాకూ మందులు పడ్డాయి.

కోర్సు ముగిసి ఏడాదైంది. జడ వేసుకునేటప్పుడు వేలు ఇప్పటికీ చెవి కిందకు పోతుంది. ఆదివారం అబిడ్స్‌కు ఇద్దరం వెళ్తున్నాం. రోగిని చూసుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. డాక్టరుతో చాటుగా మాట్లాడకండి. మాట్లాడాల్సి వస్తే, ఇల్లు చేరేలోపే రోగికి చెప్పేయండి. ఏమీ చెప్పలేదంటే, ఏమీ చెప్పలేదనైనా చెప్పండి.

ఆ నవల ఇప్పుడు మా అమ్మాయి చదువుతోంది. నిన్న ఆ పేజీల దగ్గర ఆగి, ఈ చిల్లులేందమ్మా అని అడిగింది. మీ నాన్న భయపడ్డ జాగ అదేనని చెప్పాను.