మలాం పిన్ని ఎడమచెయ్యి

మలాం పిన్ని అసలు పేరేమిటో ఆ వీధిలో పోస్టుమాన్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు. చెయ్యి కాలినా, మడమలు పగిలినా అందరూ వచ్చేది ఆవిడ వంటింటి కిటికీ దగ్గరికే. డబ్బీ చేతిలో పెట్టి, "చెంచాతో తీసుకోండి. మీ గోళ్ళ సంగతి నాకు తెలుసు!" అని కసిరి మరీ పంపేది. నోరు కాస్త జోరు గానీ మనిషి వెన్న.

ఆకులు కడిగి, గుడ్డమీద ఆరబెట్టి, నూనెలో వేసి సన్నటి సెగ మీద పెట్టేది. చిటపటలు ఆగాయంటే ఆకులో తడి పోయినట్టే. వడకట్టి, తేనెమైనం కరిగించి కలిపి, చల్లారేదాకా చెక్క గరిటెతో తిప్పుతూనే ఉండేది. ఆ తర్వాత అసలు పరీక్ష. కొత్త మలాం చిటికెడు తీసి ఎడమ మణికట్టు లోపలివైపు రాసుకునేది. ఇల్లు ఊడ్చి, బట్టలు మడతపెట్టేదాకా మంట పుట్టకపోతేనే అది డబ్బీలకెక్కేది. "నా చెయ్యి అబద్ధమాడదు" అనేది గొప్పగా. కూతురికి అక్షరాలకంటే ముందు ఈ పరీక్షే నేర్పింది.

ఈమధ్య ఆ చేత్తో కాలే గిన్నెల్ని కూడా గుడ్డ లేకుండా దించేస్తోంది. ఆవిడ మొగుడు తాళాలు బాగుచేసేవాడు; అది చూసి, "పట్టకారు కొనే పని లేదు నాకు, పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నాను" అని పక్కింటివాళ్ళతో నవ్వేవాడు. ఆవిడా మురిసిపోయేది. అయ్యో, అందులో మురిసిపోవడానికేముందో!

ఎప్పుడూ ఆకు కోసుకొచ్చే ఖాళీ స్థలానికి ఎవరో గోడ కట్టేశారు. చేసేదిలేక ఆకులమ్మే ముసలాయన దగ్గర ఒక కట్ట తీసుకుంది. అదే ఆకు, అదే అంచు. కాడ తుంచితే మాత్రం పాలు కారాయి. పాత ఆకుకి పాలుండవు. పిన్నికి అనుమానం తగిలింది. పారేద్దామనే అనుకుంది. కానీ తన పసివాడి తొడలు ఒరుసుకుపోయాయని, ఒకటే ఏడుపని కూతురు పొద్దున్నే ఫోన్లో మొత్తుకుంది. "చూద్దాం, చెయ్యి చెబుతుందిగా" అనుకుని పొయ్యి వెలిగించింది.

చెయ్యి ఏమీ చెప్పలేదు. ఇల్లు ఊడ్చింది, బట్టలు మడతపెట్టింది, మంటా లేదు, దురదా లేదు. అల్లుడు సైకిలు మీద వచ్చి మొదటి డబ్బీ పట్టుకెళ్ళి, ఇంట్లో ఇచ్చి పనికి పోయాడు.

మధ్యాహ్నం వడ్డిస్తుంటే మొగుడు ఉలిక్కిపడ్డాడు.

"ఏంటే అది? చెయ్యి కాల్చుకున్నావా?"

"ఎక్కడండీ?"

"నీ చెయ్యి సంగతి నన్నడుగుతావేంటి!"

చెయ్యి తిప్పి చూసుకుంది. మలాం రాసినంత మేరా వాచి, నీటిపొక్కులు లేచాయి. ఒకటి గాజు రాసుకుని చితికిపోయింది కూడా. వేలితో నొక్కింది. గోరు దింపింది. ఇంకెవరిదో చెయ్యి నొక్కుతున్నట్టుంది.

"నాకు నొప్పి తెలియట్లేదండీ," అంది.

"ఎప్పట్నించి?"

ఆవిడకి మాత్రం ఏం తెలుసు! ఉత్తచేత్తో దించిన గిన్నెలన్నీ కళ్ళముందు తిరిగాయి. అంతలో పసివాడు గుర్తొచ్చాడు. పైప్రాణాలు పైనే పోయాయి.

ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తేవాళ్ళు లేరు. పిన్ని అలాగే పరుగందుకుంది. మొగుడు ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని వెనకాలే పరిగెత్తాడు. కూతురి ఇంటి మెట్ల దగ్గరికే పసివాడి ఏడుపు వినిపించింది. గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు వింటూ ఆ మెట్లెక్కడం పగవాళ్ళకి కూడా వద్దు.

"రాయకే! ఆ మలాం రాయకే తల్లీ!"

కూతురు కుళాయి కింద ఎడమచెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. చాపమీద పసివాడు కాళ్ళు తన్నుకుంటున్నాడు. పిన్ని వాణ్ణి ఎత్తుకుని గుడ్డ విప్పింది. తొడలు కాస్త ఎర్రబడ్డాయంతే, పొడిగా ఉన్నాయి.

"వాడికి రాయలేదమ్మా," అంది కూతురు. "స్నానం చేయించి రాద్దామని ముందు నా చేతిమీద పెట్టుకున్నా, నువ్వు నేర్పిందేగా. నిప్పు పెట్టినట్టు మండింది. అప్పట్నించీ కడుగుతూనే ఉన్నా."

పిన్ని వాణ్ణి గుండెకి అదుముకుని అక్కడే కూలబడి భోరుమంది.

"నువ్వు చూసుకోకుండానే పంపించావా?" కూతురికి ఒళ్ళు మండిపోతోంది. "పసివాడమ్మా! వాడికి రాసి ఉంటే?"

పిన్ని ఎడమచెయ్యి చాపింది. తన చేతిమీద ఉన్నవాటికంటే పెద్ద పొక్కులు చూసి కూతురి కోపం ఎటుపోయిందో పోయింది.

"ఇదేంటమ్మా... నీకు మండట్లేదా?"

"లేదే."

తాత మనవణ్ణి భుజాన వేసుకున్నాడు. కూతురు తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా కింద కూర్చుంది.

"కళ్ళు మూసుకో. ఎక్కడ తెలిస్తే అక్కడ చెప్పు."

పిన్ని కళ్ళు మూసుకుంది. మణికట్టు దగ్గర మొదలుపెట్టి పైకి వస్తుంది, మోచెయ్యి దాకా రాకముందే తెలుస్తుందిలే అని తనకి తాను ధైర్యం చెప్పుకుంది. పసివాడి ఏడుపు ఆగింది. కుళాయి కారుతూనే ఉంది. పిన్ని అసలే ఓపిక తక్కువ మనిషి.

"ఊఁ, కానియ్యవే. గిచ్చడానికి కూడా ముహూర్తం చూడాలా?"



"గిచ్చుతూనే ఉన్నానమ్మా. మోచెయ్యి దాటేశాను."