కుర్చీ మీద చెయ్యి

మొన్న పొద్దున కాఫీ తాగుతుంటే, ఒకప్పుడు మేం అద్దెకున్న ఇంటావిడ మనవరాలి దగ్గర్నుంచి ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. నేను తీసిందే. కింద సందేశం: "ఆంటీ, మా మ్యారేజ్ యానివర్సరీకి ఇది పెద్దది చేయించాలి. గ్రానీని తీసేయగలరా? ఇప్పుడు కంప్యూటర్‌లో ఈజీ కదా." చిటికెలో పనే. డిజిటల్ ఆర్టిస్టునని నలుగురూ అంటున్న ఈ రోజుల్లో మనిషిని మాయం చెయ్యడం నాకు ఉల్లిపొట్టు తీసినంత తేలిక. కానీ మధ్య కుర్చీలో మూతి ముడుచుకు కూర్చున్న ఆ ఇంటావిణ్ణి చూడగానే, ఆవిడ పోయి ఇన్నేళ్లయినా, నాకు ఒళ్లు మండింది.

దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లతో సహా అందరికీ ఓటు వచ్చిన కొత్తలో మావారికి డర్బన్‌లో ఉద్యోగం దొరికితే రాజమండ్రి నుంచి వచ్చి, ఆ ఊరి పక్కనే ఇసిపింగోలో ఆవిడ ఇంటి వెనక వాటాలో అద్దెకు దిగాం. ఆవిడ పూర్వీకులు చెరకు తోటల్లో కూలికొచ్చిన తెలుగువాళ్లు. ఆవిడకి మిగిలిన తెలుగు ప్రార్థనలోనూ తిట్లలోనూ మాత్రమే వినపడేది, తిట్లే ధారాళం. పెరట్లో ఖాళీగా పడున్న రేకుల గదిని బతిమాలి తీసుకుని, కిటికీకి నల్ల దుప్పటి కొట్టి, మా నాన్న స్టూడియో నుంచి మోసుకొచ్చిన, ఫోటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జర్ పెట్టి డార్క్‌రూమ్ చేసుకున్నాను. మావారు ఆఫీసుకి వెళ్లగానే ఎర్ర బల్బు వేసుకుని అందులో దూరేదాన్ని. రెండు నెగెటివ్‌లు ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకే ఫోటో చేసి, ఇసిపింగో సముద్రాన్ని మా ఇంటి మూకుట్లో కాచేదాన్ని. ఊరుగాని ఊళ్లో నాదంటూ ఉన్నది ఆ గదొక్కటే. ఫోటోలు కడిగే హైపో మందు కంపని ఆవిడ రోజూ గొణిగేది. ఆవిడ ఎండుచేపల కంపని నేను గొణిగేదాన్ని.

ఒక ఈస్టర్‌కి, చర్చి నుంచి వచ్చాక, ఇంటిల్లిపాదినీ ఫోటో తియ్యమంది. మనవరాలికి అప్పుడే పెళ్లయింది, ఒక నల్లజాతి జులు అబ్బాయితో. అతను స్కూల్లో టీచరు. టై కట్టుకొచ్చి ఆవిడ వెనకాల నిలబడి, వినయంగా కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. ఓరన నిలబడి ఉంటే కత్తెరతో పోయేది. నడిమధ్యన నిలబడ్డాడు మహానుభావుడు. ప్రింటు చూసి ఆవిడ వేలితో అతని మొహం మీద పొడిచింది. "ఈడ్ని తీసెయ్యి. నా బొమ్మలో ఈడొద్దు." ఓట్ల రోజున అందరితోపాటు ఒకే వరసలో నిలబడ్డానని వచ్చినవాళ్లందరికీ గొప్పలు పోయే మనిషి! నా తప్పల్లా, పోయినవాళ్లని సైతం బతికున్నవాళ్ల పక్కన చేర్చి ఫోటో చేసేవాడు మా నాన్న అని ఆవిడకి చెప్పడం. చేర్చినవాళ్లకి తీసెయ్యడం రాదా అని ఆవిడ లెక్క.

"పోయినవాళ్లని చేరుస్తాం గానీ, నిక్షేపంలా ఉన్నవాణ్ణి తియ్యనండీ" అన్నాను.

"అయితే ఆ రూమ్ వొదిలెయ్యి. మై యార్డ్ ఇది."

మావారు మరీను. "పోనీ తీసిపారెయ్యరాదూ? ఆ అబ్బాయికేం తెలుస్తుంది?" అన్నారు. ఆయనతో మాట మానేశాను. గదీ వదల్లేదు, అతణ్ణీ తియ్యలేదు. మర్నాడు నేను కాగితాల పెట్టె విప్పి పని చేసుకుంటుంటే ఆవిడ గడియ విరగ్గొట్టినంత పని చేసి తలుపు బార్లా తెరిచింది. ఎండంతా లోపలికి పడింది. వెలుతురు సోకి, రాజమండ్రి నుంచి తెచ్చుకున్న ఫోటో కాగితమంతా దండగ. దేనికీ పనికిరాదిక. నేను ఏడుస్తుంటే గుమ్మంలో నిలబడి "నీ చెయ్యి పడిపోను" అని శపించింది. అంత స్వచ్ఛమైన తెలుగు ఆవిడ నోట మళ్లీ వినలేదు.

డర్బన్ పక్కనే ఇంకో పేట, షాల్‌క్రాస్‌కి మారాం. అక్కడ డార్క్‌రూమ్‌కి చోటు లేదు. నెగెటివ్ భద్రంగా ఉంది గనక టౌన్లో ఒక స్టూడియోలో కడిగించి, అందరూ ఉన్న ఫోటోనే మనవరాలికి ఇచ్చాను. పాడైన కాగితాలు మాత్రం పారెయ్యబుద్ధి కాలేదు. ఒకరోజు మంటెత్తి, పడిపోవాలన్న ఆ చేతినే ఒక కాగితం మీద ఆనించి ఎండలో కూర్చున్నాను. చుట్టూ కాగితం వంకాయ రంగుకి తిరిగింది, చెయ్యి ఆనినచోట దాని అచ్చు తెల్లగా నిలిచింది. ఇక కరివేపాకు, చేపముల్లు, మావారి కళ్లజోడు, కనపడిందల్లా ఎండలో పెట్టేశాను. హైపోలో కడిగితే రంగు వెలిసిపోయేది, కడక్కపోతే వెలుతురు సోకి ఇంకా మాడిపోయేది. ఆ బొమ్మలు నిలవడం కోసమే స్కానర్ కొన్నాను. స్కానర్ వెంట కంప్యూటర్ వచ్చింది, అందులో పొర మీద పొర వేసి బొమ్మలు కట్టడం వచ్చింది. నా మొదటి ప్రదర్శనలో మొదటి బొమ్మ ఆ చెయ్యే. ఆవిడ వల్లే ఆర్టిస్టునయ్యానని ఎవరైనా అంటే కొడతాను. నా కాగితాలు నాశనం చేసింది, అంతే.

మనవరాలికి జవాబు రాశాను: "తియ్యనమ్మా. అప్పుడు మీ గ్రానీ అడిగితే మీ ఆయన్నీ తియ్యలేదు." ఆవిడ మీద జాలి పుట్టిందనుకునేరు. ఏం లేదు. ఆవిణ్ణి తీసేస్తే వదిలిపెట్టినట్టే. ఆవిడ అక్కడే కూర్చోవాలి. పెద్దదిగా కట్టించిన ఆ పటంలో ఏళ్లు గడిచేకొద్దీ ఆవిడ మొహం వెలిసిపోతుందేమో గానీ, ఆ కుర్చీ మీద నుంచి అతని చెయ్యి మాత్రం ఎప్పటికీ లేవదు.