శంఖం మీది నీలిరాయి

మాది దుకాణాల ఇల్లు. ఏ వస్తువు కనిపించినా ముందు వంక పెట్టడం నాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. తొంభైల్లో, ఖతార్‌లో ఒక మధ్యాహ్నం అల్ షహానియా నుంచి దోహాకు వ్యాన్‌లో వస్తున్నాను. పక్కన కూర్చున్న నేపాలీ మెడలో, నల్లదారానికి కట్టిన నీలిరాయి ఒకటి కనిపించింది.

"అంచు విరిగింది. అయినా ఇరవై రియాళ్ళిస్తా," అన్నాను హిందీలో, ఏదో దయ తలిచినట్టు.

ఆయన నవ్వాడు. "ఇది మా ఇంట్లో శంఖానిది, సేఠ్. ముత్తాత టిబెట్ నుంచి తెచ్చాడు. దాని పక్కన రెక్కలా వెండి రేకు, ఆ రెక్క నిండా రాళ్ళు. నేను బయల్దేరేటప్పుడు అమ్మ కత్తిమొనతో ఒకటి ఊడదీసి నా మెడలో కట్టింది. నేనెళ్ళి దీన్ని మళ్ళీ పెట్టేదాకా ఆ శంఖం ఎవరూ ఊదరు."

"ఎన్నేళ్ళయింది?"

"ఐదు."

"పోనీ, ముప్పై ఇస్తా" అనబోయిన నోరు మూసుకున్నాను.

దోహా చేరాక అల్ సద్‌లో దిగుతూ ఆయన వెనక్కి తిరిగాడు. "అంచు విరిగిన సంగతి మా అమ్మకు చెప్పకు, సేఠ్!"

ఈమధ్య ఒక మ్యూజియంలో అలాంటి శంఖమే చూశాను, వెండి రెక్కతో. వంకలు వెతికే నా కళ్ళు తిన్నగా రాళ్ళ మీదికే పోయాయి. ఒక్క గుంతా ఖాళీగా లేదు. అది ఆయనది కాదని తెలుసు. అయినా మనసు కుదుటపడింది.